శని, ఆదివారాలకే వేసుకుంటే మాలా-ఎన్ పనిచేయదమ్మా

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను. మీది రేణిగుంట దగ్గర పల్లె, వయసు 26, మూడేళ్ల పాప ఉంది. మీ ఆయన బెంగళూరులో పనిచేస్తూ శనివారం రాత్రి వచ్చి ఆదివారం రాత్రి బస్సెక్కి వెళ్లిపోతారు. ఆశా అక్క ఇచ్చిన మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలను ఆయన ఇంట్లో ఉన్న రెండు రోజులే వేసుకుంటున్నారు. రెండు నెలలుగా వారం మధ్యలో మరకలు కనిపిస్తున్నాయి, ఈసారి డేట్ పది రోజులు దాటింది. వచ్చే నెల తిరుమలలో పాపకు తలనీలాలు ఇవ్వాలి, అప్పటికి పీరియడ్స్ రాకుండా మెడికల్ షాపులో దొరికే వాయిదా మాత్రలు కూడా వేసుకోవచ్చా అని అడిగారు. చివర్లో, ఈ మాత్రలు వాడితే రెండో కాన్పు రాదని మీ అత్తగారు అంటున్నారని రాశారు.

తిరుపతి చుట్టుపక్కల ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా 29 ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. అందులో ఎక్కువ కాలం కుటుంబ నియంత్రణ గదిలోనే. మీరు చేసిన పనే చేసి నా ముందు కూర్చున్న ఆడవాళ్లు ఎందరో. కాబట్టి మీరేదో వింత తప్పు చేశారని అనుకోవద్దు. ఆ మాత్ర ఎందుకు రోజూ వేసుకోవాలో మనవాళ్లు చెప్పరు. "రోజుకొకటి వేసుకో" అని స్ట్రిప్పు చేతిలో పెట్టి పంపిస్తారు. కారణం తెలియని పనిని ఎవరైనా తమకు అనువుగా మార్చుకుంటారు.

అన్నిటికన్నా ముందు రేపు పొద్దున లేవగానే మొదటి మూత్రంతో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. మీ ఆశా అక్క దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరుకుతుంది. ఒక గీత వస్తే వారం ఆగి మళ్లీ చేయండి. మీరు ప్రతి ఆదివారం కలుస్తున్నారు కాబట్టి మొన్నటి కలయిక సంగతి ఈ టెస్టులో ఇంకా తెలియకపోవచ్చు. చివరిసారి కలిసి మూడు వారాలు గడిచాక కూడా ఒకే గీత వస్తే గర్భం లేదని నిశ్చింతగా ఉండొచ్చు. ఈ లోపల కలిస్తే నిరోధ్ వాడాల్సిందే, ఇందులో మొహమాటం వద్దు. రెండు గీతలు వస్తే మాత్రలు ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. తెలియక వేసుకున్న నాలుగైదు మాత్రల వల్ల బిడ్డకు హాని జరుగుతుందని ఎక్కడా తేలలేదు, ఆ భయం పెట్టుకోకండి. ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. వద్దనుకుంటే గర్భనిరోధకం విఫలమైందన్న కారణంతో 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవడానికి మన చట్టం ఒప్పుకుంటుంది. షాపులో ఎవరో ఇచ్చిన గర్భస్రావం మాత్రల కిట్టు తెచ్చుకుని ఇంట్లో మాత్రం మింగొద్దు. అట్లా మింగి ఆగని రక్తంతో ఆటోలో వచ్చినవాళ్లను చూశాను.

ఇక మాత్ర సంగతి.

మీ ఇంటి మిద్దె మీద నీళ్ల ట్యాంకు, కింద మోటారు ఉంటాయి కదా. ట్యాంకులో బంతి ఉండే ఆటోమేటిక్ స్విచ్ ఉంటే, నీళ్లు నిండుగా ఉన్నంతసేపు మోటారు ఆన్ కాదు. నీళ్లు తగ్గి బంతి కిందికి దిగితేనే మోటారు తిరగడం మొదలవుతుంది. ఒంట్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. మెదడు అడుగున పీయూష గ్రంథి అని చిన్న గ్రంథి ఉంటుంది. రక్తంలో ఆడ హార్మోన్లు తగ్గాయని తెలియగానే అది అండాశయానికి కబురు పంపుతుంది. ఆ కబురు అందాక అండం పెరగడం మొదలై, రెండు వారాల్లో పండి విడుదలవుతుంది. మాలా-ఎన్ తెల్ల మాత్రలో ఉండేది ఆ ఆడ హార్మోన్ల లాంటివే రెండు మందులు: లెవోనోర్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రాడియోల్ 0.03 మిల్లీగ్రాములు. రోజూ ఒక మాత్ర పడుతుంటే ట్యాంకు నిండుగా ఉన్నట్టే లెక్క. పీయూష గ్రంథి కబురు పంపదు, అండం పండదు. అండమే లేకపోతే ఆయన శనివారం వచ్చినా బుధవారం వచ్చినా గర్భం నిలవదు. దీనికి తోడు గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలను లోపలికి పోనివ్వదు.

ఇప్పుడు మీరు చేసింది చూడండి. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. రెండు రోజులు ట్యాంకులో కాసిని నీళ్లు పోశారు, మిగతా ఐదు రోజులు ఖాళీ. సోమవారం నుంచి మోటారు ఎప్పటిలా తిరుగుతూనే ఉంది, అండం దాని పని అది చేసుకుపోతూనే ఉంది. ఈ మాత్ర వీర్యకణాలను చంపే మందు కాదు, కలిసిన రోజు వేసుకుంటే ఆ రోజుకి కాపలా కాయదు. రెండు రోజుల హార్మోన్ ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు గర్భసంచి లోపలి పొర కొంచెం ఊడిపోతుంది. బుధ, గురువారాల్లో మీరు చూసే మరక అదే. డేట్ పది రోజులు దాటిందన్న లెక్క కూడా అందుకే గట్టిగా నమ్మలేం. మీ నెలను మీరే అటూ ఇటూ కదిపేశారు. గర్భం కావచ్చు, ఉత్త తారుమారు కావచ్చు. టెస్టు తప్ప ఇంకేదీ తేల్చదు.

"ఆయన ఊర్లో లేనప్పుడు మాత్ర ఎందుకు సిస్టర్, వేస్టు కదా" అని నాతో ఎంతమంది అన్నారో! ఆ లేని రోజుల్లో వేసుకున్న మాత్రలే ఉన్న రోజుల్లో కాపాడేది.

స్ట్రిప్పు ఒకసారి చేతిలోకి తీసుకోండి. 28 మాత్రలు ఉంటాయి. 21 తెల్లవి, వాటిలోనే హార్మోన్ ఉంది. మిగతా 7 ముదురు రంగువి, ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఫెర్రస్ ఫ్యూమరేట్, అంటే ఇనుము. ఆ ఏడింటిలో గర్భాన్ని ఆపేది ఏమీ లేదు. రక్తహీనతకు కొంచెం ఆసరా, రోజూ మాత్ర వేసుకునే అలవాటు తప్పిపోకుండా ఒక ఏర్పాటు, అంతే. తెల్లవి అయిపోయిన రెండు మూడు రోజులకు రక్తస్రావం వస్తుంది. దాన్ని అందరూ నెలసరి అంటారు గానీ అది అసలు నెలసరి కాదు. అండం విడుదలై, గర్భం నిలవక వచ్చేది అసలు నెలసరి. ఇది మందు ఆగినందుకు పొర రాలడం మాత్రమే. అందుకే తక్కువగా, రెండు మూడు రోజులే వస్తుంది. "మురికి రక్తం లోపలే ఉండిపోతోంది" అని ఆందోళన పడేవాళ్లు చాలామంది. లోపల పొర పలుచగా తయారైనప్పుడు రాలడానికీ తక్కువే ఉంటుంది, ఉండిపోయేది ఏమీ లేదు. 1950ల్లో అమెరికాలో గ్రెగరీ పింకస్, జాన్ రాక్ అనే ఇద్దరు ఈ మాత్రను సిద్ధం చేసినప్పుడే, ఆడవాళ్లకు మామూలు నెలలాగే అనిపించాలని మధ్యలో ఆ విరామం పెట్టారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తిరుమల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఆ ఏడు రోజుల విరామంలో అండాశయం కాస్త కళ్లు తెరుస్తుంది. ఏడో రోజుకి అండం పెరగడం మొదలెట్టి ఉంటుంది గానీ పండి ఉండదు. ఎనిమిదో రోజు తెల్ల మాత్ర పడగానే మళ్లీ నిద్రపోతుంది. ఆ ఏడు తొమ్మిదైతే, పది అయితే, అది నిద్రపోకుండా ముందుకే పోవచ్చు. నా అనుభవంలో "మాత్రలు రోజూ వేసుకున్నా కడుపు నిలిచింది" అన్న కేసుల్లో సగానికి పైగా ఈ సందులోనే దొరికాయి. మొదటి ప్యాకెట్టుకి "నెలసరి వచ్చిన ఐదో రోజు లోపు మొదలుపెట్టు" అని చెబుతాం. కొందరు ప్రతి నెలా అదే లెక్క పెడతారు. ఇనుము మాత్రలు అవసరం లేదని పక్కన పడేస్తారు, మూడో రోజు రక్తం కనిపిస్తుంది, దాన్నుంచి మళ్లీ ఐదు రోజులు లెక్కబెడతారు, ఒక రోజు మర్చిపోతారు. ఎంతయింది? విరామం ఎనిమిదో తొమ్మిదో. ఇంకొందరు రక్తం పూర్తిగా ఆగాక తలస్నానం చేసి కొత్త ప్యాకెట్టు తెరుస్తారు. అవన్నీ వద్దు. లెక్క మొదటి ప్యాకెట్టుకే. ఆ తర్వాత 28వ మాత్ర అయిన మర్నాడే కొత్త స్ట్రిప్పు మొదటి తెల్ల మాత్ర. రక్తం వస్తున్నా, ఆగినా, అసలు రాకపోయినా. వరుసగా రెండు ప్యాకెట్లకు రక్తం రాకపోతే టెస్టు చేసుకోండి. అది వేరే సంగతి, దాని కోసం మాత్ర ఆపి ఎదురుచూడకూడదు.

మర్చిపోవడం గురించి కూడా ఇప్పుడే చెబుతాను, ఎందుకంటే మర్చిపోని మనిషి లేదు. ఒక్క తెల్ల మాత్ర మర్చిపోతే గుర్తొచ్చిన నిమిషమే వేసుకోండి, ఆ రోజుది మామూలు టైముకే వేసుకోండి. ఒకే రోజు రెండు పడినా ఏమీ కాదు, మహా అయితే కడుపులో తిప్పినట్టుంటుంది. వేరే జాగ్రత్త అక్కర్లేదు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ వరుసగా తప్పితే, తప్పినవాటిలో చివరిది ఒక్కటే వెంటనే వేసుకుని, అంతకు ముందువి పారేసి, రోజువారీగా కొనసాగించండి. తర్వాతి ఏడు రోజులు తెల్ల మాత్రలు విడవకుండా పడేదాకా నిరోధ్ వాడాలి. ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. తప్పినవి స్ట్రిప్పు మూడో వారంలోవైతే, తెల్లవి పూర్తికాగానే ఇనుము మాత్రలు వదిలేసి నేరుగా కొత్త స్ట్రిప్పు మొదలుపెట్టండి. లేకపోతే మర్చిపోయిన రోజులూ ఏడు రోజుల విరామమూ కలిసి పెద్ద సందు అవుతుంది. తప్పినవి మొదటి వారంలోవై, ఆ ముందు ఐదు రోజుల్లో కలిసి ఉంటే, అత్యవసర మాత్ర గురించి ఆ రోజే ఆసుపత్రిలో అడగండి. ఇనుము మాత్ర మర్చిపోతే దిగులు లేదు, దాన్ని పారేసి కొత్త స్ట్రిప్పు తేదీ మాత్రం తప్పకుండా చూసుకోండి.

ఒకామె పుత్తూరు ఆడబిడ్డ, ఇక్కడ కోడలు. ఆడికృత్తికకు పుట్టింటికి వెళ్తూ స్ట్రిప్పు ఇక్కడ బియ్యం డబ్బాలోనే మర్చిపోయింది. అత్తకు తెలియకుండా అక్కడ దాచేది. నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చి, తప్పిపోయిన నాలుగు మాత్రలూ ఒకేసారి మింగేసింది. రాత్రంతా వాంతులు. వాంతులు అంటే మరో లెక్క ఉంది, మాత్ర వేసుకున్న మూడు గంటల లోపల వాంతి అయితే అది ఒంటికి పట్టనట్టే, ఇంకొక తెల్ల మాత్ర వేసుకోవాలి. ఆమె అదీ చేయలేదు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు గానీ, ఆ నెలంతా ఆమె ముఖం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఊరు వెళ్లే బ్యాగులో మొదట స్ట్రిప్పు, తర్వాతే చీరలు. ఆసుపత్రిలో అడిగితే మూడు నాలుగు స్ట్రిప్పులు ఒకేసారి ఇస్తారు, ఒకటి పుట్టింట్లో పెట్టుకోండి.

టైము రాత్రి అన్నం తిన్న తర్వాత పెట్టుకోమంటాను. మొదటి నెలల్లో వికారం ఉన్నా నిద్రలో తెలియకుండా పోతుంది. పొద్దున సుప్రభాతం వింటూ వేసుకునే అలవాటు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. మీకు ఏది తప్పదో అదే మంచి టైము.

మీరు ఎప్పుడు మొదలుపెట్టాలి? టెస్టులో గర్భం లేదని తేలాక, నెలసరి వచ్చిన మొదటి రోజే మొదలుపెడితే ఆ రోజు నుంచే రక్షణ ఉంటుంది. ఐదో రోజు లోపు మొదలుపెట్టినా అంతే. అది దాటితే మొదటి ఏడు రోజులు నిరోధ్ తప్పదు. ఇప్పుడు సగం వాడిన స్ట్రిప్పులను పక్కన పెట్టేసి కొత్తది తెరవండి. సగం సగం ఖాళీలున్న స్ట్రిప్పులో ఏ రోజుది ఏదో మీకే తెలియదు.

మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకోండి. ఇది నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వని విషయం. సచివాలయం ఏఎన్ఎమ్ అయినా ఐదు నిమిషాల్లో చూస్తుంది. 140/90 అంతకన్నా ఎక్కువ ఉంటే మాలా-ఎన్ మీకు తగదు. తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే మైగ్రేన్ ఉన్నా వద్దు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. కాలి నరాల్లో రక్తం గడ్డ కట్టిన చరిత్ర, గుండె జబ్బు, కామెర్లు లేదా కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు, 35 దాటి బీడీ సిగరెట్ తాగేవాళ్లకు కూడా ఇది కాదు. మీ పాపకు మూడేళ్లు కాబట్టి మీకు వర్తించదు గానీ, ఇది చదివే బాలింతల కోసం చెబుతున్నాను. పాలిచ్చే తల్లి ఆరు నెలలు నిండేదాకా ఈ మాత్ర వేసుకోకూడదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నా, ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటివి వాడుతున్నా పిల్ బలం తగ్గిపోతుంది, వేరే పద్ధతి చూసుకోవాలి. జలుబుకి, పంటి నొప్పికి ఇచ్చే మామూలు యాంటీబయాటిక్స్‌తో ఆ ఇబ్బంది లేదు.

వాడుతున్నప్పుడు ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, కడుపులో విపరీతమైన నొప్పి వచ్చినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తండి. రక్తం గడ్డలు అరుదు. మాత్ర వాడని, గర్భం లేని 10,000 మందిలో ఏడాదికి 2 మందికి వస్తే, ఈ రకం మాత్ర వాడే 10,000 మందిలో 5 నుంచి 7 మందికి వస్తాయి. గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పు అయిన కొత్తలోనూ ఆ ముప్పు ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు తిరుమల. మన ఊరి ఆసుపత్రుల్లో వచ్చే ప్రశ్నల్లో ఇది ప్రత్యేకం, ఇంత తరచుగా ఇంకెక్కడా అడగరనుకుంటాను. దర్శనం టికెట్టు నెలల ముందే బుక్ చేసేసి, చివరి వారంలో క్యాలెండర్ చూసి కంగారు పడి వస్తారు. గంగమ్మ జాతర ముందూ ఇదే తంతు. వెళ్లొచ్చా కూడదా అన్నది మీ ఇంటి నమ్మకం, అందులో నేను తల దూర్చను. మందు గురించి మాత్రం చెబుతాను.

షాపులో వాయిదా మాత్రలని ఇచ్చేది సాధారణంగా నోరెథిస్టెరాన్ 5 మిల్లీగ్రాములు. నెలసరి రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టి, రోజుకు మూడు చొప్పున వేసుకుంటారు. ఆపిన రెండు మూడు రోజులకు డేట్ వస్తుంది. మీ విషయంలో దీనికి రెండు అడ్డంకులు. మీ నెల లెక్క ఇప్పుడు తారుమారై ఉంది, "మూడు రోజుల ముందు" అంటే ఏ తేదీకి ముందు? పైగా ఇప్పటికే గర్భం ఉంటే అది తెలియకుండా కప్పేస్తుంది. ఇంకొక పెద్ద అపోహ, ఈ మాత్రలు వేసుకుంటున్న రోజుల్లో కలిసినా గర్భం రాదని. అట్లా నమ్మడానికి లేదు, వాయిదా వేయడానికి ఇచ్చే ఈ పద్ధతి గర్భనిరోధకం కాదు. మాలా-ఎన్, నోరెథిస్టెరాన్ రెండూ కలిపి మింగడం అసలే వద్దు.

మాలా-ఎన్ సరిగ్గా వాడుతున్న మనిషికి వాయిదా మాత్రతో పనే లేదు. పైన చెప్పాను కదా, ఆ రక్తం మందు ఆగినందుకు వచ్చేదే అని. మందు ఆపకపోతే అది రాదు. ఉదాహరణకు 5వ తేదీన నెలసరి వచ్చి అదే రోజు మొదటి తెల్ల మాత్ర వేసుకున్నారనుకోండి. 25కి తెల్లవి 21 అయిపోతాయి. దర్శనం 18న అయితే ఏమీ చేయక్కర్లేదు, మీరింకా తెల్ల మాత్రల మీదే ఉంటారు. దర్శనం 28న అయితే 26న ఇనుము మాత్రకు బదులు కొత్త స్ట్రిప్పులోని మొదటి తెల్ల మాత్ర వేసుకోండి, అది పూర్తయ్యేదాకా కొనసాగించండి. గర్భరక్షణ చెడదు, ఒంటికి నష్టం లేదు. ఒక్క మాట, మొదటి రెండు మూడు నెలల్లో తెల్లవి వేసుకుంటున్నా మధ్యలో కొద్దిగా మరక కనిపించే అవకాశం ఉంది. మీరు కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి నూటికి నూరు పాళ్లు రాదని నేను హామీ ఇవ్వలేను. మొక్కు తేదీని నెల జరిపే వీలుంటే, రెండో ప్యాకెట్టులో వెళ్తే ఇంకా నయం.

ఆయన వారానికోసారి వచ్చేటప్పుడు ఈ రోజువారీ మాత్రే కావాలా అని మీరు అడగలేదు గానీ నేనే చెబుతాను. ఏడాది పాటు ఒక్కటీ తప్పకుండా వాడితే 100 మందిలో ఒక్కరికి కూడా గర్భం నిలవదు. మామూలుగా మనుషులు వాడినట్టు, మధ్య మధ్య మరుస్తూ వాడితే 7 మందికి నిలుస్తుంది. ఆ తేడా అంతా మాత్రది కాదు, మరుపుది. రోజూ గుర్తుంటుందా అన్నది మీకు మీరే నిజం చెప్పుకోండి. గుర్తుండదనుకుంటే నేను మొదట కాపర్ టీ, అంటే గర్భసంచిలో అమర్చే చిన్న సాధనం, చూడమంటాను. ఒక కాన్పు అయిన మీకు వేయడం తేలిక, రెండో బిడ్డ కావాలనుకున్న రోజు తీయించుకోవచ్చు. మూడు నెలలకోసారి అంతరా ఇంజెక్షన్ ఉంది గానీ, ఆపాక మళ్లీ గర్భం రావడానికి చివరి ఇంజెక్షన్ నుంచి తొమ్మిది పది నెలలు పట్టొచ్చు. మీ అత్తగారి తొందర చూస్తే మీకది కుదరదు.

ఛాయా మాత్ర కొందరికి బాగా నప్పుతుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమాన్ అనే మందు అది, మాలా-ఎన్‌లో ఉండే హార్మోన్లు అందులో ఉండవు. పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. నెలసరి మొదటి రోజు ఒకటి, ఆ వారంలోనే మూడు రోజులకు ఇంకొకటి. మొదటిది ఆదివారమైతే రెండోది బుధవారం. ఇట్లా వారానికి రెండు చొప్పున మూడు నెలలు, నాలుగో నెల నుంచి వారానికి ఒకటి. "వారానికి ఒకటే కదా" అని మొదటి నుంచీ ఒకటే వేసుకుని గర్భంతో వచ్చినవాళ్లున్నారు. దీంతో నెలసరి ఆలస్యంగా రావడం మామూలే, 15 రోజులు దాటితే టెస్టు చేసుకోవాలి. పీసీఓడీ ఉన్నవాళ్లకు ఇవ్వరు. దీన్నీ ఆయన వచ్చే ఆదివారానికి మాత్రమే ముడిపెట్టుకోకండి, ఆయన రాని వారం కూడా వేసుకోవాలి.

72 గంటల మాత్ర, అంటే పైన చెప్పిన అత్యవసర మాత్ర గురించి రాస్తే పొడవైపోతుంది, ఒక్క ముక్క చెబుతాను. అందులో లెవోనోర్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, అంటే మాలా-ఎన్ తెల్ల మాత్రలో ఉన్నదానికి పదింతలు. అండం విడుదలను వెనక్కి నెట్టి పనిచేస్తుంది, అప్పటికే విడుదలైపోయి ఉంటే చేయగలిగింది దాదాపు లేదు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. ప్రతి ఆదివారానికీ అది సమాధానం కాదు.

మీ అత్తగారి మాట. ఆమెను తప్పు పట్టకండి. 1960లో అమెరికాలో మొదటిసారి అనుమతి వచ్చిన పిల్‌లో హార్మోన్ ఇప్పటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ఆ కాలం భయాలు నోటి మాటగా ఇంటింటికీ చేరాయి. మాత్రలు గర్భసంచిలో పేరుకుని గడ్డ కడతాయని, వేడి చేస్తాయని, పిల్లలు పుట్టరని. మాత్ర కడుపులో కరిగి రక్తంలో కలిసి పోతుంది, గర్భసంచి దాకా మాత్రగా వెళ్లేది లేదు. ఆపిన కొద్ది వారాల్లోనే చాలామందికి అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. మొన్నటిదాకా వాడి, ఆపిన నెలలోనే నెల తప్పినవాళ్లకు నేనే కార్డులు రాశాను. మొదటి మూడు నెలల్లో వికారం, రొమ్ముల్లో సలపరం, మధ్యలో మరకలు ఉంటాయి. లావైపోతామన్నది మాత్రం పరీక్షల్లో పెద్దగా రుజువు కాలేదు. కడుపునొప్పి తగ్గడం, రక్తం తక్కువ పోవడం లాంటి లాభాలూ ఉన్నాయి. అండాశయ క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ ముప్పు వాడుతున్నంత కాలం కొద్దిగా పెరుగుతుంది, దాచిపెట్టడం నాకిష్టం లేదు.

రెండో కాన్పు గురించి ఆమె ఊరికే అనలేదేమో కూడా. ఎప్పుడు కావాలనుకుంటున్నారో మీరూ మీ ఆయనా ఒక మాట అనుకుని ఆమెతో చెప్పండి. అప్పుడు స్ట్రిప్పును బియ్యం డబ్బాలో దాచే పని ఉండదు, దేవుడి పటం పక్కనే పెట్టుకోవచ్చు. రాత్రి దీపం చూసినప్పుడు ఆమే గుర్తు చేసినా చేస్తుంది. మా ఇంటి పక్క కోడలికి రోజూ గుర్తు చేసేది వాళ్ల అత్తే, తన బీపీ మాత్ర వేసుకుంటూ.

రేపటి టెస్టులో ఏం వచ్చిందో రాయండి. నెలసరి వస్తే ఆ తేదీ, దర్శనం తేదీ రెండూ రాయండి, ఏ రోజు ఏ మాత్రో లెక్క వేసి పెడతాను.